వెనక్కి వచ్చిన డీజిల్

దుర్గ్ స్టేషన్ వెయిటింగ్ రూములో పక్కన కూర్చున్న పెద్దాయన, ఏ ఊరమ్మా అని అడిగారు. "భిలాయి-3" అని మా ఊరి పేరు చెప్పాను. నా గొంతు ఒక్కోసారి నాకే వినపడదు. ఆయన గట్టిగా చెప్పమనలేదు. చెవి నా వైపు వంచి, "ఇంకోసారి చెప్పు బేటా" అన్నారు.

ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరట. ఇంజిన్ చేత తక్కువ డీజిల్‌తో ఎక్కువ పని చేయించడం ఎలాగన్నదే ఆయన పరిశోధన. పిల్లలకి ఇంటర్వ్యూల్లో మాట్లాడటం కూడా నేర్పేవారట.

"ఓ అమ్మాయి ల్యాబులో ఏదో చెప్పబోయింది. 'ఏటమ్మా ఆ నసుగుడు? ఇంటర్వ్యూలోనూ ఇలాగే చెప్తావేటి?' అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల మళ్ళీ నోరెత్తలేదు. రెండేళ్ళ తరవాత ఆమె ల్యాబు రికార్డు తిరగేస్తే, ఓ మూల పెన్సిల్‌తో రాసుంది. ఇంజిన్ కాల్చకుండా గొట్టంలోంచి వెనక్కి ట్యాంకులోకి పంపేసిన డీజిల్‌ని కూడా మేం ఖర్చయినట్టే లెక్కేస్తున్నామని. నిజమే. అప్పటిదాకా మా లెక్కలన్నీ తప్పే."

వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశారట. వాళ్ళమ్మ తీసిందట. కామెర్లొచ్చి కూతురు పోయి అప్పటికి ఆర్నెల్లయిందట.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పు దిద్ది జర్నల్లో పేపరు వేశాను. మంచి పేరొచ్చింది."

"అందులో ఆమె పేరు రాశారా?"

ఎలా అడిగానో తెలీదు. మెల్లగానే అడిగాను. ఆయనకి వినపడింది.

"రాయలేదమ్మా" అన్నారు.

రైలు రాగానే సంచీ తీసుకుని వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి పేరేమిటని నేనూ అడగలేదు.