గిన్నెడు అన్నం

బరువు తగ్గడానికని కడుపు కోయించుకుని ఏడు నెలలైంది. నూట ముప్పై కిలోల మనిషిని తొంభైకి దిగాను. ఆటోనగర్‌లో నా లేత్ షెడ్డుకి వచ్చే ప్రతివాడూ "ఏటి బావా, సగవైపోనావు!" అంటాడు. మెచ్చుకోలే, కాదనను. నాకు మాత్రం పొద్దున లేచింది మొదలు అలసటే. జుట్టు ఊడిపోతోంది. ఎండలో నిలబడ్డా చలేస్తుంది. మంచినీళ్లు కూడా గుక్కకీ గుక్కకీ మధ్య ఆగి తాగాలి.

మోకాళ్లు అరిగాయని, సుగరు కళ్లదాకా వచ్చిందని సీతమ్మధార డాక్టరు చెబితే ఒప్పుకున్నాను. ఆకలి తగ్గుతుందన్నాడు, తగ్గింది. ఆశ తగ్గదని మాత్రం చెప్పలేదు మహానుభావుడు. చేపల పులుసు వాసనకి ఇప్పటికీ నోరూరుతుంది. నాలుగు ముద్దలకే గుండెల మీద బండ పెట్టినట్టవుతుంది. ఓసారి మొండికేసి అయిదో ముద్ద తిన్నాను, అంతా కక్కుకున్నాను.

ఆసుపత్రిలో ఒకమ్మాయి చిన్న స్టీలు గిన్నె చూపించి, పూటకి ఇంతే అంది. అలాంటిదే కొనుక్కుని అందులోనే తింటున్నాను. నా కంచం అటకెక్కింది.

మా ఆవిడ పెళ్లైన నాటినుంచీ నేను తిన్న కంచంలోనే తింటుంది. వద్దంటే వినదు, వాళ్లమ్మ అలాగే తినేదట. నేను గిన్నెలోకి మారాక తను దేంట్లో తింటోందో నేను చూడనేలేదు. నా బాధ నాది. నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని మంచమెక్కేవాణ్ని.

పోయిన నెల దువ్వాడ స్టేషన్లో మెట్లెక్కుతూ తూలింది. పట్టుకుంటే చెయ్యి పుల్లలా తగిలింది. గాజులు మోచేతిదాకా జారిపోయాయి. భయపడి పరీక్షలన్నీ చేయించాను. రోగమేమీ లేదు, తిండి చాలట్లేదన్నారు.

మర్నాడు మధ్యాహ్నం తిని లేచి, మంచం దగ్గరికి వెళ్లకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నా గిన్నెలోనే పట్టినంత అన్నం పెట్టుకుని తింటోంది. అది కాగానే గిన్నె కడగడానికి లేచింది.

"ఏటే, ఇంతేనా నువ్వు తింతన్నది?"

"మీ గిన్నెలో అంతే పడతాది కదండీ."

"మారు ఒడ్డించుకోకూడదేటి?"

"మీరు నాలుగు ముద్దలకే లేసిపోతన్నారు. నానొక్కద్దాన్నీ మారొడ్డించుకుని కూకుంతే, ముద్ద దిగతాదేటండీ?"

కోపమొచ్చింది. ఆమె మీద కాదు. కోత నాకు పడితే తనూ కడుపు మాడ్చుకుంది, అది కనిపెట్టడానికి నాకు ఏడు నెలలు పట్టింది. సిగ్గేసింది.

అటక మీంచి కంచం దించాను. ఇప్పుడు అందులోనే ఓ పక్కన నా నాలుగు ముద్దలూ తిని, కంచం తన వైపు జరుపుతాను. "నువ్వు తిను. నాను కూకుంతాను" అంటాను. అరగంట కూర్చోవడమంటే నడుము లాగేస్తుంది. అయినా లేవను.

నిన్న చేపల పులుసు. తనే గరిటె తీసుకుని మారు వడ్డించుకుంది. నాకు నోరూరింది. అది చూస్తే మళ్లీ ఆపేస్తుందని, మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను.