సగం వాళ్ళదైన ట్రెయిలర్

డెబ్బైల చివర్లో మేం అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాం. ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే మా ఆయన పడవ కూడా కొన్నారు. ఈత రాని మనిషికి పడవ ఎందుకండీ అంటే, "ఈతొస్తే ఇంక పడవతో పనేముంది?" అన్నారు. ఇలాంటి జవాబులకి నాకు ఒళ్ళు మండుతుందని తెలిసే ఇస్తారు.

నిజానికి ఆ ఆలోచన ఆయనది కాదు, ఆయన స్నేహితుడిది. ఇద్దరూ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. ఆ స్నేహితుడు ఇక్కడ కూడా మాకు దగ్గర్లోనే ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవారు. నేను ఆయన్ని అన్నయ్యగారు అనేదాన్ని, ఆయన భార్యని వదిన అనేదాన్ని. ఎవరో ఇంటి ముందు అట్టముక్క తగిలించి అమ్మకానికి పెట్టిన చిన్న అల్యూమినియం పడవని ఇద్దరు మగాళ్ళూ చెరిసగం వేసుకుని కొన్నారు. దాంతోపాటే ఒక ట్రెయిలర్ వచ్చింది. అంటే పడవని ఎక్కించి, కారు వెనక తగిలించుకుని, నీళ్ళ దాకా లాక్కెళ్ళే ఇనప బండి. పడవ బాగానే ఉంది. ట్రెయిలర్‌కి మాత్రం పడవ కంటే వయసెక్కువ. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దాని కీళ్ళన్నీ తినేసింది. "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. మనది రెండింటికీ కాకుండా పోయేట్టుంది" అన్నాను. నా మాట వింటే కదా. అపార్ట్‌మెంట్ల దగ్గర ట్రెయిలర్లు పెట్టనివ్వరు కనక అది మా ఇంటి ముందు, కారు నిలిపే డ్రైవ్‌వేలో తిష్ఠ వేసింది.

వదినకి పిల్లలు లేరు. ఆదివారం వచ్చిందంటే మా అమ్మాయి ఆవిడ సొత్తు. అప్పటికి దానికి ఏడేళ్ళు. నేను దువ్వెన పట్టుకుంటే వీధి చివరిదాకా పరిగెత్తే పిల్ల, వదిన ముందు బుద్ధిగా బాసింపట్టు వేసుకుని కూర్చుని జడ వేయించుకునేది. వదినకి డ్రైవింగ్ రాదు. డాక్టర్ల చుట్టూ తిరిగినన్నాళ్ళూ నేనే తీసుకెళ్ళేదాన్ని. ఇంక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేసిన రోజు, తిరిగి వస్తూ కార్లో ఆవిడ మాట్లాడింది ఒకే ఒక మాట. "మీ అమ్మాయికి గౌను కొన్నాను వదినా. కాస్త పొడుగైంది, మడిచి కుడతాలే" అంది. నేను కారు పక్కకి ఆపి ఏడ్చేశాను. ఆవిడే నన్ను ఓదార్చింది.

పడవ కొన్న రెండో వేసవిలో, ఒక ఆదివారం అందరం సరస్సుకి వెళ్ళాం. నీళ్ళలోకి వాలుగా దిగే సిమెంటు దారి ఉంటుంది. దాని మీంచి కారుని వెనక్కి నడిపి, ట్రెయిలర్‌ని నీళ్ళలోకి దింపి, పడవని వదలాలి. ట్రెయిలర్ తగిలించిన కారుని వెనక్కి నడపడం పెద్ద విద్య. స్టీరింగ్ ఇటు తిప్పితే అది అటు పోతుంది. మా ఆయనకి ఆ విద్య అంతంతమాత్రంగా వచ్చు. అన్నయ్యగారు వెనక నిలబడి దారి చూపిస్తున్నారు. మన ఊళ్ళ బస్సు కండక్టర్లలాగా పడవ అంచు మీద అరచేత్తో బాదుతూ, సాగదీసి, "రైట్... రైట్..." అంటున్నారు.

మన దగ్గర కండక్టరు రైట్ రైట్ అంటే అంతా బాగుంది, పోనియ్యి అని అర్థం. అది తెలియని తెలుగువాడు లేడు. కాని కొన్నేళ్ళుగా అమెరికాలో కారు నడుపుతున్న మా ఆయన చెవికి ఆ వేళ ఆ మాట ఇంగ్లీషులో వినపడింది. స్టీరింగ్ కుడికి తిప్పేశారు. ట్రెయిలర్ ఎడమకి పోయి, దాని చక్రం సిమెంటు అంచు దాటి ధభేలుమని కింద పడింది. పడవ ఒరిగిపోయింది. అందులో మా అమ్మాయి ఉంది.

పిల్ల బతిమాలితే అన్నయ్యగారే ఎక్కించి కూర్చోబెట్టారట. మగాళ్ళ దగ్గర ఉందని నేనూ వదినా, మా దగ్గర ఉందని మా ఆయన అనుకున్నాం. అది జారిపోతుంటే అన్నయ్యగారు బూట్లతోనే నీళ్ళలోకి దూకి, రెండు చేతులా పట్టుకున్నారు. గడ్డం మీద చిన్న గీత తప్ప దానికేమీ కాలేదు.

మా ఆయన కారు దిగి పరిగెత్తుకొచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పిల్లని లాక్కున్నారు.

"ఎవడెక్కించమన్నాడ్రా దీన్ని?"

"నువ్వెందుకు తిప్పావురా? రైట్ రైట్ అంటూనే ఉన్నాను కదా!"

"రైట్ అన్నావనే కదరా తిప్పింది!"

ఇంకో రోజైతే ఈ మాటకి మేం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. జీవితాంతం చెప్పుకునేవాళ్ళం. కాని మా ఆయన పిల్లని ఇంకా గుండెకి అదుముకునే ఉన్నారు. ఆ భయంలో అనేశారు. "నీకు పిల్లలుంటే తెలిసేదిరా."

వదిన కాగితం పళ్ళాలు పట్టుకుని మా వెనకే నిలబడి ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు కాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆవిడ పళ్ళాల్ని బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా వాటి మీద పులిహోర గిన్నె పెట్టి, వెళ్ళి వాళ్ళ కార్లో కూర్చుంది. అన్నయ్యగారు తడి బట్టలతోనే వెళ్ళిపోయారు.

ట్రెయిలర్ వంకర చక్రంతో కుంటుకుంటూ ఇల్లు చేరింది. మా ఆయన పడవని దింపి పెరట్లో బోర్లించారు. ఇంక అప్పట్నుంచి మొదలైంది, దీన్ని బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని. ఆఫీస్ నుంచి రాగానే టై కూడా విప్పకుండా డ్రైవ్‌వేలో గొంతుక్కూర్చుని దాన్ని సుత్తితో కొట్టి చూసేవారు. ఆయన ఇంజనీరు. తెగిన తాడుకి ముడి వేయాలన్నా ముందు బొమ్మ గీస్తారు. వెల్డింగ్ షాపాయన వచ్చి చూసి, ఫ్రేమ్ సాగదీసి అతుకు వేయొచ్చు, ఇరుసు మాత్రం మార్చాలి, మీ ఇష్టం అన్నాడు. బాగు చేయిద్దామన్నారు. మర్నాటికి కొత్తదే నయమన్నారు. వేసవి అయిపోయింది, ఆకులు రాలి దాని మీద పడ్డాయి, ఆయన ఇంకా తేల్చుకోలేదు.

అటువైపు నుంచి ఫోను లేదు. నేను చేస్తే వదిన మర్యాదగానే మాట్లాడేది, ఆ మర్యాదే నాకు భయమేసేది. ఆదివారాలు మా అమ్మాయి కిటికీ దగ్గర కూర్చునేది. "అంకుల్ మన మీద ఇంకా మ్యాడా అమ్మా? ఆంటీ కూడానా? నేను పడ్డాను కదా, నా మీదా?" అని అడిగింది ఒక రోజు. 

ఆ వారమే ఫోన్లో వదిన అంది, "ఆయనకి ఇర్వింగ్‌లో ఆఫర్ వచ్చింది వదినా. టెక్సాస్. జనవరిలో జాయినవమంటున్నారు. వెళ్ళిపోతాంలే. ఇక్కడ మాకేముంది?"

మా అమ్మాయి ఉంది, అనబోయి ఆగిపోయాను. ఆ మాట అనే హక్కు మాకు పోయింది.

ఆ సాయంత్రం మా ఆయన ఒక క్యాటలాగ్ తెచ్చి నా ముందు పరిచారు. "ఇదిగో, ఈ మోడల్ అయితే గ్యాల్వనైజ్డ్. తుప్పు పట్టదు. ఆర్డర్ చేసేస్తాను" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కొనండి. మీరొక్కరే కొనండి, మీ ఒక్కరి పేరునే. అప్పుడింక వాళ్ళతో పనే ఉండదు కదా! ఇంతకీ ఇన్నాళ్ళూ తేలనిది ట్రెయిలర్ సంగతేనా?"

 టెక్సాస్ సంగతి చెప్పాను. ఆయన క్యాటలాగ్ మూసి పక్కన పెట్టి, "ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు?" అన్నారు.

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళండి. ఈ దేశంలో అన్నీ రీప్లేస్ చేస్తారు కాని దానికి మాత్రం షాపు లేదు."

నా నోటికి భయపడి కాదు, ఆయనకే మనసు పీకుతోంది. శనివారం పొద్దున్నే ఆ వంకర ట్రెయిలర్‌ని కారుకి తగిలించారు. నన్నూ పిల్లనీ ఎక్కమన్నారు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతుంటే నత్తనడకన వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్ళి, సరిగ్గా వాళ్ళ బాల్కనీ కింద ఆపారు. ఆ చప్పుడుకి అన్నయ్యగారు స్వెటర్ మీద తువ్వాలు కప్పుకుని కిందికి వచ్చారు.

"ఏంట్రా ఇది? మేనేజర్ చూశాడంటే నన్ను ఖాళీ చేయిస్తాడు."

"సగం నీది. నిన్నడక్కుండా నేనేం చేయను? చెప్పు. బాగు చేయిద్దామా, పారేద్దామా?"

అన్నయ్యగారు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. మా ఆయనా పక్కన కూర్చున్నారు. ఇరుసు గురించి, అతుకు గురించి, తుప్పు గురించి ఎంతోసేపు మాట్లాడుకున్నారు. అసలు మాట ఒక్కటీ రాలేదు. నాకు చలికీ కోపానికీ పళ్ళు కొరుక్కోవడమే సరిపోయింది. చివరికి అన్నయ్యగారు చక్రాన్ని బొటనవేలితో తన్ని, "చచ్చిందిరా ఇది. కొత్తది చూద్దాం పద" అన్నారు.

మా ఆయన లేచి నిలబడ్డారు. పైన బాల్కనీలో వదిన శాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో.

"చెల్లెమ్మా," అన్నారు ఆయన, తల పైకెత్తి. "మేం ముగ్గురం వెళ్ళి ట్రెయిలర్లు చూసొస్తాం. సాయంత్రమవుతుంది. పిల్లని నీ దగ్గర వదిలి వెళ్తాను."

ట్రెయిలర్లు చూడ్డానికి నేనెందుకు? అడగబోతే, నా వైపు తిరిగి, "నువ్వూ రా" అన్నారు మెల్లగా. అప్పుడర్థమైంది, ఆయన పిల్లని వదిన ఒక్కదాని చేతికే అప్పగిస్తున్నారని. ఆ మనిషిని ఆ క్షణంలో ప్రేమించినంతగా నేనెప్పుడూ ప్రేమించలేదు.  మా అమ్మాయి వదిన జవాబు కోసం ఆగకుండానే మెట్లెక్కి పోయింది.

ట్రెయిలర్ కొత్తదే కొన్నాం, ఇద్దరి పేరునా. పాతది తుక్కు కింద పోయింది. దాని గురించి ఎవరం బాధపడలేదు.

మేం తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. పిల్ల సోఫాలో నిద్రపోతోంది. వదిన వంటింట్లో టీ పెడుతోంది. మా ఆయన కోటు కూడా విప్పకుండా వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"చెల్లెమ్మా, ఆ రోజు నేనన్న మాట..." అని, అక్కడితో ఆగిపోయారు.  కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోను కూడా లేదు.

వదిన స్టవ్ తగ్గించి ఆయన వైపు తిరిగింది. "మర్చిపోయానని అబద్ధం చెప్పలేను అన్నయ్యగారూ. నాకది ఎప్పటికీ గుర్తుంటుంది. పిల్లని మాత్రం ఆదివారాలు పంపండి. అది రాకపోతే నేను ఉండలేకపోతున్నాను."

ఆయన తలూపారు. నా వెనక హాల్లో అన్నయ్యగారు కుర్చీలో కదలకుండా కూర్చుని ఉన్నారు. ఎలాగూ అడగాల్సిందే కదా అని నేనే అడిగాను. "మరి టెక్సాస్ సంగతేంటి వదినా?"

వదిన టీ కప్పుల్లో పోస్తూ, "అక్కడికి ప్రతి ఆదివారం పిల్లని ఎలా పంపిస్తారు చెప్పండి?" అంది. హాల్లోంచి అన్నయ్యగారు, "రానని వాళ్ళకి చెప్పేస్తాలే" అన్నారు.