అంకుల్‌కి నేను రాసిన సన్మానపత్రం

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. మా ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బంటారు. ఉంటే ఉండనీ. ఈ జబ్బే లేకపోతే ఐర్లండ్‌లో, షానన్‌లోని మా ఫ్యాక్టరీలో జరిగినదాన్ని నేనూ అందరిలాగే మరిచిపోయి, ఆ పెద్దమనిషి ఇంట్లో మళ్ళీ గోంగూర మాంసం తిని వచ్చేదాన్ని.

మేము గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేస్తాం. దుమ్ము రేణువు కూడా పడకూడని గది. లోపలికి వెళ్ళాలంటే టోపీ, మాస్కు, గౌను, బూట్ల మీద తొడుగులు, గ్లవ్స్. వేసుకోవడానికి పది నిమిషాలు, విప్పడానికి ఐదు. ఆ సమయాన్ని కంపెనీ మా బ్రేక్‌లోంచి కోయడం మొదలుపెట్టింది. అరగంట బ్రేక్‌లో మాకు మిగిలేది పావుగంట, అందులోనే బాత్రూమ్ దగ్గర క్యూ, అందులోనే టీ. పన్నెండు గంటల షిఫ్టు మరి. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళ అవస్థ చెప్పనక్కర్లేదు. ఒక సోమవారం పొద్దున ఎవరూ గౌను వేసుకోకుండా క్యాంటీన్‌లోనే కూర్చోవాలని ఐరిష్‌వాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, మేమూ కలిసి అనుకున్నాం.

మా తెలుగువాళ్ళం పదకొండుమందిమి. మాలో ముందుగా నోరు విప్పింది నెల్లూరావిడ. నేను ఆవిడని వదినా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. ఎన్నిస్ ఊళ్ళో పక్కపక్క ఇళ్ళు, ఇద్దరమూ ఒకే బస్సు. మొగుడు పోయాక కూతుర్ని వెంటబెట్టుకుని ఒంటరిగా ఈ దేశం వచ్చిన మనిషి. ఆ పిల్ల అప్పుడు లీవింగ్ సర్ట్‌కి చదువుతోంది. ఇక్కడ కాలేజీ సీటు నిర్ణయించే పరీక్ష అది. వదినకి లోకంలో ఉన్న ఒకే ఒక్క కోరిక, ఆ పిల్ల ఇక్కడ నర్సింగ్‌లో చేరడం.

ఇక అంకుల్. మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు, మా ఫ్యాక్టరీలోనే ప్రొడక్షన్ మేనేజర్. అద్దె ఇల్లు దొరక్కపోతే ఆయనే ఎవరితోనో మాట్లాడి ఇప్పిస్తాడు. ఊళ్ళో డాక్టరు కొత్తవాళ్ళని చేర్చుకోనంటే ఆయన ఫోన్ చేస్తాడు. అలాంటాయన ముందురోజు ఆదివారం భోజనానికి పిలిస్తే ఎవరు వెళ్ళరు? పదకొండుమందిమీ వెళ్ళాం. వదిన ఆయన ముందు అంతా ఏకరువు పెట్టింది. ఆయన అంతా విని, పెరుగు వడ్డిస్తూ, "మీ బాధ నాకు తెలియదామ్మా? గుంపుగా వెళ్తే బాగోదు. ఎవరెవరు ఉన్నారో పేర్లు రాసివ్వండి, పైవాళ్ళతో నేను మాట్లాడతా," అన్నాడు.

రాసింది నేను. నా చేతిరాత బాగుంటుందని నాకిచ్చారు. పరాయివాడైతే వంద అనుమానాలు పడేవాళ్ళం. మనవాడు, పైగా అన్నం పెట్టినవాడు, ఆయన్ని ఎందుకని ఎలా అడుగుతాం? ధైర్యంగా మాట్లాడింది వదినే కాబట్టి ఆవిడ పేరే అన్నిటికంటే పైన రాశాను. నా బుద్ధి గడ్డి తిన్నదనడానికి అంతకంటే ఏం కావాలి!

మరుసటి రోజు పొద్దున క్యాంటీన్ తలుపు దగ్గర హెచ్‌ఆర్‌వాళ్ళు నిలబడి, మమ్మల్ని పేరుపేరునా పలకరించారు. అందరూ గప్‌చుప్‌గా గౌన్లు వేసుకున్నారు. మూడు వారాలకి వదినని గదిలోకి పిలిచి కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పారు. బల్ల మీద ఆ కాగితమే ఉందట, పై పేరు పక్కన టిక్కు పెట్టి. నా రాత ఆవిడకి తెలియదా? తెలుసు. ఆ మాట మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. నాకు పాస్‌పోర్టులో ఇక్కడ ఉండిపోయే స్టాంపు ఉంది కాబట్టి నా జోలికి రాలేదు. వదిన వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉంది. ఇంకో పని వెతుక్కోవడానికి ఇచ్చిన గడువూ దాటిపోయింది. పరీక్షకి నాలుగు నెలలు ఉందనగా తల్లీకూతుళ్ళు నెల్లూరు వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌లో ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

నా పక్క బెంచీలో మలేషియా నుంచి వచ్చిన చైనా ఆవిడ పనిచేస్తుంది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. జరిగింది చెబితే ఆశ్చర్యపోలేదు. "కాగితం మీద రాసిచ్చారా? మా తాతవాళ్ళూ అంతే," అంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. మలయా, అంటే ఇప్పటి మలేషియా, ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. ఈవిడ తాత తగరపు గనిలో కూలీ. దొరకి చైనా భాష రాదు, కూలీకి ఇంగ్లీషు రాదు, మధ్యలో చైనావాళ్ళ పెద్దమనిషి ఒకడు. గుడి కట్టించింది ఆయనే, బడి పెట్టించింది ఆయనే, శవాన్ని పాతిపెట్టడానికి చోటివ్వాల్సిందీ ఆయన సంఘమే. దొర ఇచ్చిన పతకం కోటుకి తగిలించుకుని తిరిగేవాడట. గనిలో గట్టు విరిగి ముగ్గురు చచ్చిపోతే, గట్టుకి దుంగలు పెట్టేదాకా దిగేది లేదని కూలీలు పని ఆపేశారు. పెద్దమనిషి తాతతో కలిపి వాళ్ళలో ఆరుగురిని ఇంటికి పిలిచాడు. తన చేత్తో టీ పోశాడు. దొరతో మాట్లాడతానని పేర్లు రాసుకున్నాడు. మూడో రోజు పోలీసులు ఆ ఆరు పేర్లతోనే వచ్చారు. ఆరుగురినీ ఓడ ఎక్కించి, ఎప్పుడో చిన్నప్పుడు వదిలేసిన చైనాకి పంపేశారు. తాత నుంచి ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు. అవ్వ ముగ్గురు పిల్లలతో మిగిలింది.

చైనావాళ్ళకి ఏడాదికోసారి సమాధులు శుభ్రం చేసే పండుగ ఉంది. పెద్దమనిషి పోయాక ఆయనకి కొండ వాలులో పాలరాతి సమాధి కట్టారు. పండుగనాడు ఆయన కొడుకులూ కోడళ్ళూ కాల్చిన పంది, అగరొత్తులు పట్టుకుని వచ్చేవాళ్ళు. అవ్వ పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్ళి, వాళ్ళ ఎదురుగా నిలబడి ఆ ఆరు పేర్లూ గట్టిగా చదివేది. ఆ రోజు సమాధుల దగ్గర గొడవపడితే అరిష్టం కాబట్టి ఎవరూ ఆవిడని గెంటలేకపోయేవారు. అవ్వ తర్వాత అమ్మ చదివింది, అమ్మ తర్వాత, ఈ దేశం వచ్చేదాకా, ఈవిడ.

"దానివల్ల ఏం ఒరిగింది?" అని అడిగాను.

"వాళ్ళ మనవళ్ళకి ఆ ఆరు పేర్లూ కంఠతా వచ్చు," అంది, గ్లవ్స్ తొడుక్కుంటూ.

ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. ఏం చెయ్యాలో తెలియకపోయినా, చేస్తానని మాత్రం తెలిసింది.

నెల తిరక్కుండా అంకుల్‌కి డైరెక్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. ఉగాది సభలో ఆయనకి సన్మానం చెయ్యాలని కమిటీ తీర్మానించింది. సన్మానపత్రం రాయమని నన్నే అడిగారు. "నువ్వైతే తెలుగు అదరగొడతావు కదా," అన్నారు. సన్మానపత్రాన్ని మనవాళ్ళు ముందుగా ఒక్కరూ చదవరు. అందులో పొగడ్త తప్ప ఇంకేం ఉంటుందని వాళ్ళ ధీమా. లిమెరిక్ సిటీ దాకా వెళ్ళి, చుట్టూ పూలతీగ వేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించాను. కమిటీవాళ్ళు ఫ్రేము చూసి గ్రాండ్‌గా ఉందన్నారు.

పాఠశాల హాలు, రెండొందల కుర్చీలు, వెనక పులిహోర వాసన. అంకుల్‌కి శాలువా కప్పారు. నేను మైకు పట్టుకుని చదివాను.

"మహాశయా! ఆకలిగొన్న పదకొండుమందిని మీ ఇంటికి పిలిచి, విస్తరి వేసి, వారి పేర్లు రాయించుకుని, ఆ కాగితాన్ని యాజమాన్యం చేతిలో పెట్టిన ఘనత మీది. సుగుణశీలీ! తండ్రి లేని బిడ్డని చదివించుకుంటున్న తల్లి పేరు పక్కన టిక్కు పడితే మీరు పదవి మెట్టెక్కారు. జాతిరత్నమా! ఆ బిడ్డ పరీక్ష రాయకుండానే విమానం ఎక్కింది. ఇట్లు, ఆ కాగితం మీకు రాసిచ్చిన మనిషి."

చప్పట్లు కొట్టారు! ఛీ, చప్పట్లు! సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు, మిగతావాళ్ళు కబుర్లు. నేను చదువుతున్నంతసేపూ అంకుల్ కూడా ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి చేతులు జోడించి నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి ఆయన కూతురు లేచింది. వదిన కూతురి క్లాస్‌మేట్. ఇక్కడే పుట్టిన పిల్ల కాబట్టి, తెలుగు మాట మాటకీ చెవి ఒగ్గి వింటేగాని అర్థం కాదు. అందుకే ఆ హాలంతటిలో నిజంగా విన్నది తనొక్కతే.

"డాడ్, ఆ ఆంటీకి ఇండియాలో బెటర్ జాబ్ వచ్చిందన్నావు కదా?" అని అడిగింది ఇంగ్లీషులో.

అంకుల్ ఫ్రేము చేతిలోకి తీసుకుని ఇప్పుడు చదివాడు. ముఖం మాడిపోయింది. నేను పట్టుకున్న మైకు ఆయన ముందే ఉందన్న సంగతి మరిచిపోయాడు. "పైవాళ్ళు అడిగారు తల్లీ. నాకూ ఉద్యోగం ఉంది కదా," అన్నాడు.

ఈసారి హాలంతా విన్నది. ఆ పిల్ల కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పదకొండుమందిలో మిగిలిన తొమ్మిదిమందిలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆ వెంటనే ఇంకొకరు. అంకుల్ శాలువా కప్పుకునే నిలబడి ఉన్నాడు. నాకు జాలి వెయ్యలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఎంత తృప్తిగా ఉందో!

మర్నాడు వదినకి ఫోన్ చేశాను. అంతా చెప్పి, ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాస్త తటపటాయించాను. వదిన పట్టేసింది.

"ఆయన కూతురు ఏడ్చిందా?"

"ఏడ్చింది వదినా. చాలా ఏడ్చింది. పాపం, దాని తప్పేముంది?"

ఆవిడది మెత్తటి మనసు, పిల్లని ఎందుకు ఏడిపించావని నన్ను కేకలేస్తుందేమోనని కాచుకుని ఉన్నాను.

"ఇంకోసారి చెప్పమ్మా," అంది వదిన. "ఆ పిల్ల ఎట్టా ఏడ్చిందో, అది చెప్పు."