తలకాయ వాటా

గరివిడిలో ఆటో ఎక్కి, తారురోడ్డు వదిలేసి, జీడితోటల మధ్య గంటసేపు కుదుపులు తింటే కొండ కింద ఆ ఊరు వస్తుంది. ఆ ఊళ్లో అడవిపంది పడిందంటే దాన్ని కోసి పోగులు పెట్టేది కాంతం. ఆ పని ఆమెకెవరూ అప్పగించలేదు. మొగుడు శాంతికుమార్ బతికుండగా కత్తి అతనిదే. ఒకసారి అతను తాగొచ్చి, సొంత పోగులో కార్జం ముక్క ఎక్కువేసుకుని, పైన కొవ్వు కప్పాడు. జనం మాంసం కొట్టే మొద్దు చుట్టూ చేరి కొట్టుకోబోయారు. కాంతం గుంపులోకి దూరి మొగుడి చేతిలో కత్తి లాక్కుంది. అన్ని పోగులూ కలిపేసి మొదటినుంచీ మళ్లీ పెట్టింది. ఆ రోజునుంచి కత్తి ఆమెదైంది, శాంతికుమార్ పోయాక కూడా.

మంచి మనిషని ఆమెను ఎవరూ అనరు. లెక్క తప్పని మనిషి అంటారు. ఆమె మరిది ఓసారి లుంగీలో ఓ మాంసం ముక్క దాచుకుంటే, అందరి ముందూ లుంగీ విప్పించింది. పాపం, అతను మళ్లీ ఏడాదిదాకా ఆ ఊరి మొహం చూడలేదు. ఆదివారం చర్చిలో పక్క బెంచీలో కూర్చున్నవాళ్లకు కూడా ఒక్క ముక్క ఎక్కువ పడదు. పోగులు పెట్టాక ఒకణ్ణి వెనక్కి తిరిగి నిలబడమంటుంది. ఒక్కో పోగు మీదా కత్తి పెట్టి "ఇదెవరికి?" అంటుంది. వాడు నోటికొచ్చిన పేరు చెబుతాడు. ఇంక గొడవేముంది?

తలకాయ మాత్రం పోగుల్లో పడదు. ఎవరి గుండుకు పంది పడిందో తలకాయ వాళ్లది. తినడానికంటే పరువుకే ఆ వాటా. ఇద్దరు ముగ్గురు పేల్చినప్పుడు ఎవరి గుండో తేల్చాల్సింది కాంతం. గాయంలో వేలు పెట్టి, అది పోయిన దారి వెంట కోసుకుంటూ వెళ్తుంది. సీసం గుండయితే లోపలికెళ్లి అప్పడంలా విచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్ని చీల్చేసి అక్కడే ఆగిపోతుంది. ముసలి మగపందికి జబ్బ మీద తోలు లారీ టైరంత గట్టిగా ఉంటుంది. అక్కడ తగిలిందంటే ఆ సీసమే తోలు కిందే చితికిపోయి ఊరుకుంటుంది. బేరింగుల్లోని ఉక్కు గుళ్ల సంగతి వేరు. అవి విచ్చుకోవు, ఆగవు. ఇటు దూరి అటు పోతాయి. పంది ఆ చిన్న బెజ్జంతోనే పరుగెత్తుకుంటూ పోయి, ఎక్కడో ముళ్లకంపలో పడి నాలుగు రోజులు మూలిగి చస్తుంది. కంపు కొట్టేదాకా ఎవరికీ తెలియదు. కొన్ని మరీ మొండివి. పాత గుండు చుట్టూ కండ గట్టిపడి, దాన్ని లోపల పెట్టుకునే ఏళ్లతరబడి తిరుగుతాయి. అలాంటి గుళ్లు కాంతం వేళ్లకు చాలాసార్లు తగిలాయి.

ఆమె ఒక్కగానొక్క కొడుకు ఫిన్నీ గరివిడిలో లారీల మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. ఇరవై ఐదేళ్లొచ్చినా నోరు ఆగదు. అరిగిపోయిన బేరింగులు పగలగొట్టి, చిన్న రేగుపండంత ఉక్కు గుళ్లు జేబులో వేసుకొచ్చి, ఊరందరికీ చూపించేవాడు. "సీసం గీసం ఎందుకు మావా, ఇది సూడు, కొండనైనా తూట్లు పొడుస్తాది" అనేవాడు. నూకయ్య అనే పాత వేటగాడు, సీసం తప్ప ఇంకోటి ముట్టనివాడు, తలెత్తకుండానే, "తూట్లు పొడుస్తాది. తరవాతెక్కడికెల్తాదో అది నీకు తెలుసా?" అనేవాడు.

మొన్న మొక్కజొన్న కంకులు పాలుపోసుకునే రోజుల్లో, అసిరయ్య చేలోకి ఒక పెద్ద మగపంది దిగడం మొదలైంది. అసిరయ్య కాంతం పక్కింటివాడు. కులం వేరు, దేవుడు వేరు, అయినా ఆమెను "అప్పా" అని అక్క వరసన పిలుస్తాడు. అతని పెళ్లాం కూర్మమ్మకు కాంతం వదిన, ఫిన్నీకి అసిరయ్య మావ. వాళ్లకు పిల్లల్లేరు కాబట్టి ఫిన్నీని మోసింది, తిట్టింది, పెట్టింది సగం ఆ ఇంట్లోనే. పంటంతా పంది పాలయ్యేటట్టుందని, ఓ వేకువజామున మగాళ్లంతా చేను చుట్టుముట్టారు. నాటు తుపాకులు రెండే. ఒకటి నూకయ్యది, ఒకటి ఫిన్నీది. మిగతావాళ్లు డబ్బాలు వాయిస్తూ పందిని తోలాలి. అసిరయ్య గట్టు మీద తాడిచెట్టు దగ్గర నిలబడాలి, కదలకూడదు.

పంది బయటికొచ్చింది. నూకయ్య పేల్చాడు. అది పడలేదు, తిరగబడింది. అసిరయ్య, పంది తన కంకులు తొక్కేస్తోందన్న బాధలో చెట్టు వదిలేసి చేలోకి దిగాడు. అప్పుడే ఫిన్నీ పక్కనుంచి పేల్చాడు. అసిరయ్య కెవ్వుమని పడ్డాడు. పంది అతని మీదనుంచే పోతూ తొడ చీల్చి, చేను పక్క గెడ్డవాగులోకి దిగి, అక్కడ కూలిపోయింది. మొక్కజొన్న మనిషికంటే ఎత్తు, ఏది ముందో ఏది వెనకో ఎవరికి కనిపిస్తుంది? "పంది కొట్టీసింది మావని!" అని అరుస్తూ ముందు పరుగెత్తింది ఫిన్నీయే. అసిరయ్య కూడా పందే కొట్టిందన్నాడు.

పక్క ఊరి ఆర్ఎంపీ వచ్చి తొడకు కుట్లు వేశాడు. పైన గజ్జల దగ్గర ఇంకో చిన్న బెజ్జం ఉంటే, రెండో కోర దిగిందని చెప్పి, దాని మీద దూది అంటించి వెళ్లాడు.

పందిని కాంతం వాకిట్లోకి తెచ్చారు. ఫిన్నీ అప్పటికే గెంతుతున్నాడు. "నాదేనే అమ్మా! నూకయ్య మావది తగిలినా బండరాయిలా నిలబడ్డాది. నాది తగిల్నాకే పడ్డాది."

కాంతం కోసింది. జబ్బ తోలు కింద నూకయ్య సీసం దొరికింది. చితికిపోయి ఉంది, లోపలికి వేలెడు కూడా దిగలేదు. ఆ దెబ్బకు పంది చావదు. జబ్బ వెనక పక్కటెముకల మధ్య గుండ్రంగా ఒక బెజ్జం. వేలు పెట్టింది. వేలు సాఫీగా వెళ్లింది. ఆ దారి వెంట కోసుకుంటూ రెండు ఊపిరితిత్తులూ దాటితే, అటు పక్క ఇంకో బెజ్జంలోంచి వేలి కొస బయటికొచ్చింది. లోపల గుండు లేదు. ఇటు దూరి అటు పోయింది.

కాంతం వేలు బయటికి తీయలేదు. అటు ఎవరున్నారు? ఫిన్నీ గెడ్డ వైపు. పంది మధ్యలో. అటు పక్క అసిరయ్య.

గజ్జల్లో రెండో కోర. కోర దిగితే చీలుతుంది. బెజ్జం పడదు. ఇన్నేళ్లు పందుల్ని, పందుల చేత చీలిన కుక్కల్ని చూసిన ఆమెకు అంతకంటే ఎవరైనా చెప్పాలా? ఆ తరవాత ఒక పని చేసింది. ఎవరూ చూడకుండా రెండు బెజ్జాల చుట్టూ గుప్పెడేసి కండ కోసి, ముక్కలు చేసి, వేరువేరు పోగుల్లో కలిపేసింది. ఇన్నేళ్లలో కత్తితో అబద్ధం ఆడింది అదే మొదలు.

సీసం ముక్క పైకెత్తి చూపించింది. "నూకయ్యన్న గుండు. తలకాయ ఆయనిదే."

నూకయ్య కూడా నమ్మలేనట్టు చూశాడు. ఫిన్నీ మొహం మాడిపోయింది. "మరి నాదేటయ్యింది?"

"నీది తగల్లేదు."

"తగల్లేదా? నా కల్లారా సూసేనే! మల్లీ సూడు, సరిగ్గా సూడు."

"నాకు నేర్పుతన్నావేట్రా?" అని కాంతం కత్తి మొద్దులో దింపింది. "గురి నేదు, ఏటీ నేదు, ఊరికే నోరు. పో అవతలికి."

జనం నవ్వారు. కన్నకొడుకునే అందరి ముందూ అంతమాట అందంటే, ఆ తీర్పు ఎంత నిఖార్సయినదో అనుకున్నారు. ఫిన్నీ అన్నం తినకుండా బండెక్కి గరివిడి వెళ్లిపోయాడు. కాంతానికి ఏడుపొచ్చింది. ఏడవలేదు.

మర్నాటికి అసిరయ్యకు జ్వరం. పొట్ట ఉబ్బింది. కూర్మమ్మ కాంతం ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, సీకాకులం పెద్దాసుపత్రికి తీసుకెల్దునా? నువ్వయితే ఇలాటియి సానా సూసేవు. నువ్వు సెప్పినట్టు సేస్తాను."

తీసుకెళ్తే ఫొటో తీస్తారు. లోపల గుండు కనిపిస్తుంది. పోలీసులొస్తారు. లైసెన్సు లేని తుపాకీ, మనిషి ఒంట్లో గుండు. ఫిన్నీ లోపలికి పోతాడు. తీసుకెళ్లకపోతే ఈ మనిషి పోతాడు. కాంతం ముందు ఈ రెండే ఉన్నాయి. ఇవి పోగులు కావు, వెనక్కి తిరిగి నిలబడి పేరు చెప్పేవాడు లేడు.

"ఎందుకే కూర్మీ అంత దూరం?" అంది. "పంది కోర విసం అలగే ఎక్కుతాది, అలగే దిగుతాది. అక్కడికెల్తే ఏటి సేస్తన్నారని అడుగుతారు. పందిని కొట్టినందుకు ఊరందర్నీ మోసుకుపోతారు. నాను సెప్తన్నాను, మానిపోద్ది."

కూర్మమ్మ నమ్మింది. కాంతం మాట నమ్మకపోతే ఆ ఊళ్లో ఇంకెవరి మాట నమ్మాలి?

కాంతం పూర్తిగా అబద్ధం చెప్పాననుకోలేదు. గుండును లోపల పెట్టుకుని ఏళ్లతరబడి తిరిగిన పందుల్ని ఆమె చూసింది. పంది బతికినప్పుడు మనిషి ఎందుకు బతకడు? ఆ ఒక్క ఆశనే నమిలి నమిలి మింగింది. వేపాకు నూరి కట్టింది, కోడి చారు కాచి తీసుకెళ్లి చెంచాతో పోసింది, మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసింది. అసిరయ్య ఆమె చెయ్యి పట్టుకుని, "అప్పా, లోపల ఏదో ఉన్నాది. గుచ్చుతన్నాది" అన్నాడు.

"ఏటీ నేదురా తమ్ముడూ. పడుకో."

ఒకరోజు కూర్మమ్మ ఆటోను వాకిట్లోకి పిలిచేసింది కూడా. కాంతమే ఎదురెళ్లి వెనక్కి పంపించింది. ఆ రాత్రంతా అసిరయ్య అరుపులు గోడ అవతలినుంచి వినిపించాయి. ఆమె చెవుల్లో కొంగు కుక్కుకుని పడుకుంది. కొడుకు కోసం కాబట్టి ఆమెను అర్థం చేసుకోవచ్చు అంటారేమో. అర్థం చేసుకున్నా, ఆ ఆటో వెనక్కి తిరిగి పోయిన మాట అబద్ధం కాదు.

అసిరయ్య పోయాడు. పంది పొట్టన పెట్టుకుందని ఊరంతా ఏడ్చింది. కాంతం అందరికంటే ఎక్కువ ఏడ్చింది. అది నటన కాదు. ఫిన్నీ వచ్చి, పాడె మోసి, మావా మావా అని నేల మీద పడి దొర్లాడు. కొండ కింద జీడికర్రలతో చితి పేర్చి కాల్చారు.

ఆదివారం పొద్దున్న కాంతం చర్చికి వెళ్లడానికి తెల్లచీర కట్టుకుని బయటికొచ్చింది. ఫిన్నీ అరుగు మీద చద్దన్నం తింటున్నాడు. తలకాయ కోపం అతనికింకా తగ్గలేదు, తల్లితో పొడిపొడిగానే మాట్లాడుతున్నాడు. కూర్మమ్మ వాకిట్లోకి వచ్చింది. చితి దగ్గరనుంచి వస్తోంది, మోకాళ్లదాకా బూడిద. ఎముకలు ఏరడానికి అసిరయ్య తమ్ముడితో కలిసి వెళ్లింది. అతను ఏదో నల్లగా తగిలితే రాయనుకుని విసిరేశాడు. ఆమె వెళ్లి తీసుకుంది. అది రాయైతే అంత గుండ్రంగా ఉండదు. సీసమైతే చితిలో కరిగిపోయేది.

కొంగుముడి విప్పి దాన్ని మాంసం కొట్టే మొద్దు మీద పెట్టింది. కాంతం వైపు చూడలేదు.

"ఫిన్నీ, ఇదెవరిదిరా?"

ఫిన్నీ ఎంగిలి చెయ్యి లుంగీకి తుడుచుకుని దాన్ని తీసుకున్నాడు. మసి రుద్దాడు. కింద ఉక్కు మెరిసింది. అతని మొహం వెలిగిపోయింది.

"నాదే అత్తా! నా గుండే!" అని అరిచాడు. "అమ్మా, సూడు! తగల్లేదన్నావు, గురి నేదన్నావు, అందరి ముందూ నా పరువు తీసీసేవు. సూడిప్పుడు! ఎక్కడ దొరికిందత్తా, గెడ్డలోనా?"

"మీ మావ బూడిదలో."

ఫిన్నీ నవ్వు వెంటనే పోలేదు. పెదవుల మీద అలాగే ఉండిపోయింది. గుండు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

"అమ్మా. కోసినప్పుడు నువ్వు సూసేవా?"

కాంతానికి నిజం చెప్పాలనిపించిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. అబద్ధమాడటానికే నోరు తెరిచింది.

"సూసేను" అంది.

కూర్మమ్మ మొద్దు దగ్గరనుంచి కదిలింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఫిన్నీ చెయ్యి తీసుకుని, ఆ గుండు చుట్టూ వేళ్లు ఒక్కొక్కటే మూసింది.

"తలకాయ వాటా నీదేరా, బాబూ" అని చెప్పి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయింది.