పాల యాదయ్య తెచ్చిన దుర్భిణి

ఆ వినాయక చవితి నాడు నోట్లో ఉండ్రాయి పెట్టుకొని ఒక నిజాయితీపరుణ్ణి దొంగ అన్నాను. అదీ మా వాకిట్లో, ఇరుగుపొరుగంతా చూస్తుండగా. దాంతో పురానాపూల్ దగ్గరి మా గల్లీలో ఎంత ఉపద్రవం జరిగిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఆ ఉండ్రాయి ఇప్పటికీ గొంతు దిగలేదు.

ముందు నా ఘనత వినాలి. మీసాలు కూడా రాని వయసులో నేను సొంతంగా దుర్భిణి చేశాను. ఒక రేకు గొట్టం. ఒక చివర పెద్ద అద్దం, రెండో చివర గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే చిన్న అద్దం. అందులో చంద్రుడు తలకిందులుగా, మాడిన పూరీలా కనిపించేవాడు. నేను మాత్రం ఆకాశానికి జాగీర్దారులా తిరిగేవాణ్ణి. ఆ దుర్భిణిని ఎవడో ఎత్తుకుపోయాడు. వాడే మా తాత కళ్ళజోడులో ఒక అద్దం కూడా పీక్కుపోయాడు. ఈ కథను ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలో, దినాల్లో, క్షవరం చేయించుకుంటూ కూడా చెప్పాను. చెప్పినప్పుడల్లా దొంగ ఇంకాస్త పొడవు పెరిగాడు. వాడికి మీసాలొచ్చాయి. చివరికి చేతికి కత్తి కూడా వచ్చింది.

యుద్ధం ముగిసి, రేషన్ ఇంకా ముగియని రోజుల్లో ఆ చవితి వచ్చింది. ఉప్పుగూడ నుంచి మా గల్లీకి పాలు పోసే యాదయ్య, బిందెతో పాటు గుడ్డ చుట్టిన పొడవాటిదేదో తెచ్చాడు.

"అన్నా, గిది నీదే. మా బాపు పాణం పొయ్యేటప్పుడు నీకిచ్చి రమ్మన్నడు."

విప్పితే నా దుర్భిణి!

"దొరికినవ్ రా దొంగ! గా మీసాలోడు మీ బాపేనా?"

"అన్నా, జర మెల్లగ..."

"మెల్లగేంది? నీ ఇంటికి యాడికెల్లి వచ్చింది? చెప్పు!"

యాదయ్య చుట్టూ జనాన్ని చూశాడు.

"నల్గురిల చెప్పరాదన్నా."

"చూసిన్రా? ఒప్పుకున్నడు!"

పక్కింటి మాణిక్కమ్మకు వెంటనే పోయిన ఇత్తడి చెంబు గుర్తొచ్చింది. ఎదురింటాయనకు పోయిన కోడి గుర్తొచ్చింది. ఆ పూట ఒక్క ఇంటినుంచీ పాలగిన్నె బయటికి రాలేదు. పాలవాడంటే తెల్లారకముందే వాకిట్లోకి రానిచ్చే మనిషి. దొంగ పేరు పడ్డాక అతనికి ఈ గల్లీయే కాదు, ఏ గల్లీ మిగలదు. యాదయ్య నిండు బిందెతో తిరిగిపోయాడు. చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయంటారు. పాపం అతను చంద్రుణ్ణి చూడలేదు. నన్ను చూశాడు.

నేను విజయగర్వంతో లోపలికి వచ్చేసరికి అమ్మ ఆ గొట్టాన్ని తిప్పి చూస్తోంది.

"గీ పెద్దద్దం మీ తాతది గదరా! అంచుకు పెచ్చు చూడు, నా చేతులకెల్లి పడే ఊడింది."

"అయితే ఏందమ్మా?"

"అంటే గా దొంగోడు తాత అద్దం పీకి, తీరుబడిగ కూసొని నీ దూర్బీన్‌కు బిగిచ్చి, గప్పుడు ఎత్తుకపోయిండా? మస్తు పనిమంతుడు!"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ అద్దం పీకింది నేను. ఇంట్లో లొల్లి మొదలయ్యేసరికి దుర్భిణిని, అప్పట్లో మాకు పాలు పోసే యాదయ్య బాపుతో గడ్డివాములో దాయించి, దొంగను పుట్టించిందీ నేనే. ఎంత ముద్దుగా పెంచానంటే, వాడు అసలు లేడన్న సంగతే మరిచిపోయాను.

పడుతూ లేస్తూ ఉప్పుగూడ చేరేసరికి యాదయ్య మిగిలిన పాలు తోడు పెడుతున్నాడు.

"ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదరా!"

"ఎవ్వలకు చెప్పొద్దని మా బాపుతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది నువ్వే గదన్నా. అడిగితేనే ఇయ్యమన్నవట. నువ్వు అడగనే లేదు. గడ్డి మార్చినప్పుడల్లా తుడిచి మల్ల దాచినం. అమానత్ గద, పరాయి సొమ్ము." తోడు పెట్టిన కుండ మీద మూత పెట్టి అడిగాడు. "రేపటిసంది పాలు యాడ పొయ్యాల్నన్నా?"

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బతికిపోయేవాణ్ణి.

మర్నాటి నుంచి మా వినాయకుడు మూసీలో కలిసేదాకా రోజూ యాదయ్య బిందె నా భుజాన మోశాను. ప్రతి గడపలో ఒకే పాఠం: "దొంగను నేను. పాలు యాదయ్యవి."

"మరి మా కోడి?" అన్నాడు ఎదురింటాయన.

"గది నాకెర్క లేదు భాయ్."

మాణిక్కమ్మ గిన్నె తెచ్చింది. "పాలు పొయ్ బిడ్డా యాదయ్య. గా బిందె మోసెటోన్ని మాత్రం గడప దాటనియ్యకు. మా చెంబు ఇంకా దొర్కలే."

గిన్నెలన్నీ మళ్ళీ బయటికొచ్చాయి. ఒంటి అద్దంతో గోడలు తడుముకుంటూనే కన్నుమూసిన తాతకు చెప్పుకుందామంటే మాత్రం ఏ గడపా లేదు. అందుకని ఇరుగుపొరుగు సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై ఎవరినైనా దొంగ అనవలసి వస్తే, ఆ మాట ముందు అద్దంలో నా మొహానికి తొడిగి చూస్తాను. అతికితే అక్కడే ఆగిపోతాను. ఇప్పటిదాకా అతకని రోజు లేదు.