జవాబుల అత్తయ్య

మా అత్తయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. నాటకంలో ఎవరేం అడిగినా ప్రేక్షకుల్లోంచి జవాబు చెప్పేస్తుంది. మా నాటక సంఘానికి వేషాల బట్టలన్నీ కుట్టేది ఆవిడే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయేవారు. హీరో గుండెలు బాదుకుంటూ "ఈ లోకంలో నాకెవరున్నారు?" అన్నాడో లేదో, "మేం లేమూ? ఊరుకో నాయనా!" అని మూడో వరసలోంచి కేక. హాలంతా గొల్లుమనేది. హీరో చావాల్సిన చోట నవ్వేవాడు.

హాలు మూతపడి నాటకాలు ఫోన్లలోకి చేరాక, మా దర్శకుడు ఒక్కడే సంబరపడ్డాడు.

"ఇక ఆవిడ నోరు మన చేతిలో ఉంది!" అంటూ చూసేవాళ్ల మైకులన్నీ మూసేశాడు.

మొదటి ప్రదర్శన నా ఏకపాత్ర. గోడకి దుప్పటి కట్టి, ఫోను నిలబెట్టి మొదలుపెట్టాను. నవ్వించే మాట ఒకటి విసిరాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోటి విసిరాను. నూతిలో రాయేసినా చప్పుడొస్తుంది కదా! తెరమీద అన్నీ నల్లటి గళ్లే. కుర్చీల కిర్రు కోసం, ఎవరిదో ఒక దగ్గు కోసం ప్రాణం కొట్టుకుపోయింది. తర్వాతి మాట మరిచిపోయాను.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాను. అది నాటకంలో మాట కాదు.

ఒక గడి వెలిగింది. అందులో నల్లగుడ్డ, దానిమీద కుట్టుసుద్దతో తలకిందులుగా రాత: "ఉన్నా. కానియ్!"

ఫక్కున నవ్వాను. మాట గుర్తొచ్చింది. ఒక్కొక్క గడీ వెలగసాగింది. దర్శకుడు నోరు మూసుకుని మైకులు తెరిచాడు.

మర్నాడు వీడియో కాల్ చేసి అడిగాను. "అత్తయ్యా, అసలీ జవాబులేంటి?"

"మీ మావయ్య తొలిసారి స్టేజీ ఎక్కి, ఓ ప్రశ్న అడిగి, తర్వాతి మాట మర్చిపోయాడ్రా. హాల్లో చడీచప్పుడూ లేదు. నాకు జవాబు గొంతుదాకా వచ్చింది. నలుగురూ ఏమనుకుంటారోనని మింగేశా. ఆయన మళ్లీ స్టేజీ ఎక్కలేదు."

"మర్చిపోలేదే! కాస్త ఆలోచించా, అంతే," అంటూ వెనకనుంచి మావయ్య గొంతు.

"పెళ్లయినప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నారు. ఇదిగో, వీడు చూస్తున్నాడు. ఇప్పుడు చెప్పండి." ఫోను ఆయనవైపు తిప్పింది.

ఆయన లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. ఆనాటి తన పాత్రంతా ఒక్క ముక్క తడబడకుండా అందుకున్నాడు. అడుగడుగునా ప్రశ్నలే. ఆవిడ మాత్రం కిక్కురుమనలేదు.

"అత్తయ్యా, మావయ్య అడుగుతున్నాడుగా, జవాబు చెప్పవేం?"

"ష్! చూడనీరా," అంది.