అరవై నాలుగు మెట్లు

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులోని ఒక స్కానింగ్ సెంటర్‌లో గీతాంజలి ఆరేళ్లు ఎక్స్‌రేలు తీసింది. సొంతూరు జఫర్‌గఢ్. మాట తక్కువ, పని మీద పట్టుదల ఎక్కువ.

ప్రతి సోమవారం పేషెంట్లు రాకముందే ఆమె ఒక పని చేసేది. డాక్టరు ఎక్స్‌రేలు చూసే మానిటర్‌తో పాటు ఒక పరీక్ష బొమ్మ వచ్చింది. ఒక చివర కారు నలుపు, ఇంకో చివర తెలుపు, మధ్యలో మెల్లగా పలచబడే బూడిద రంగు. ఎక్కడ ఏ ఛాయ ముగిసి ఇంకొకటి మొదలైందో కంటికి అందకూడదు. అందిందంటే తెరలో తేడా ఉన్నట్టే. ఆ బొమ్మ తెరిచి చూసి, సరిగ్గా ఉందనుకున్నాకే మొదటి పేషెంటును పిలిచేది. సెంటర్‌లో ఇంకెవరికీ ఆ బొమ్మ ఉన్నట్టు కూడా తెలియదు.

అక్టోబరులో ఒక సాయంత్రం పిడుగు పడి కంప్యూటర్ కాలిపోయింది. రిపేర్లు చూసే దిలీప్, రేగొండ వాడు, మర్నాడే ఇంకో కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. మానిటర్ కేబుల్ దానికి సరిపోలేదు. చవగ్గా దొరికిన చిన్న కన్వర్టర్ ఒకటి మధ్యలో తగిలించి, బొమ్మ కనపడగానే వెళ్లిపోయాడు.

సోమవారం గీతాంజలి పరీక్ష బొమ్మ తెరిచింది. బూడిద రంగు పలచబడటం లేదు, పట్టీలు పట్టీలుగా తెగి మెట్లు కట్టింది. తెరకు మొహం ఆనించి లెక్కపెట్టింది. అరవై నాలుగు.

దిలీప్‌ను పిలిపించింది. అతను సెట్టింగ్స్ తెరిచి వేలితో చూపించాడు.

"చూడక్కా, ముప్పై రెండు బిట్, ట్రూ కలర్ అని రాసున్నది. ఇంకేం గావాలె?"

"మరి గీ మెట్లేంది దిలీప్?"

"నీ కండ్లకే గట్ల కొడుతున్నది. కంప్యూటరే సాఫ్‌గ చెప్తున్నది గద."

అతను వెళ్లాక ఆమె నాలుగు రోజులు ఖాళీ దొరికినప్పుడల్లా ఇంటర్నెట్‌లో వెతికింది. చివరికి సంగతి అర్థమైంది. కంప్యూటర్ ఆన్ కాగానే తెరకు బొమ్మ పంపే ప్రోగ్రామ్, అదే గ్రాఫిక్స్ డ్రైవర్, మానిటర్‌ను అడుగుతుంది, నువ్వు ఎన్ని ఛాయలు చూపగలవని. ఈ మానిటర్ రెండు వందల యాభై ఆరు చూపగలదు. కానీ ఆ జవాబు కన్వర్టర్ దగ్గరే ఆగిపోతోంది. జవాబు రాకపోయేసరికి డ్రైవర్ అన్నిటికన్నా తక్కువ లెక్క పట్టుకుని, అరవై నాలుగు ఛాయలే పంపుతోంది. సెట్టింగ్స్ పేజీకి ఆ గొడవ పట్టదు. కంప్యూటర్ తన లోపల ఎన్ని రంగులతో బొమ్మ గీస్తోందో అదే చెబుతుంది, కేబుల్‌లో ఎన్ని పోతున్నాయో చెప్పదు. అందుకే అక్కడ ట్రూ కలర్ అని ఉంది, తెర మీద మాత్రం ప్రతి నాలుగు ఛాయలూ కలిసి ఒకటైపోతున్నాయి.

సెంటర్ యజమాని కొండల్ రావుకు ఇది చెప్పబోయింది. ఆయన భూములున్న కుటుంబం, ఏ మీటింగ్ జరిగినా స్టేజీ మీద కుర్చీ ఉన్న మనిషి. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే విన్నాడు.

"దాంట్ల సినిమాలు చూస్తమా? డాక్టరు సాబ్ ఏమన్న అన్నడా?"

"అనలే సార్. కని పల్చటి మచ్చలుంటే..."

"అంటే అప్పుడు చూద్దాం."

డాక్టరు వారానికి రెండుసార్లు హన్మకొండ నుంచి వచ్చి, గంటలో యాభై అరవై బొమ్మలు చూసి రిపోర్టులు చెప్పి పోయేవాడు. ఆయనకు ఏమీ అనిపించలేదు. కన్వర్టర్ తీసేసి మంచి కేబుల్ ఒకటి గీతాంజలి తనే తెచ్చి వేయగలిగేది. కానీ చెప్పినా విననివాళ్ల పని తానెందుకు చేయాలన్న పంతం ఆమెను ఆపింది. సోమవారం బొమ్మ తెరవడం కూడా మానేసింది.

ఫిబ్రవరిలో సక్రి వచ్చింది. నెల్లికుదురు దగ్గరి తండా, ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. మిరపకాయలు ఏరే కూలికి పోతుంది, నెల రోజులుగా దగ్గు. వెంట మొగుడు దేవ్యా ఉన్నాడు. గీతాంజలి ఎక్స్‌రే తీసి తెర మీద చూసింది. కుడి ఊపిరితిత్తి పైభాగాన, మెడ ఎముక కింద ఏదో తేడాగా అనిపించింది. కళ్లు చికిలించి చూస్తే ఏమీ లేదు, అంతా ఒకటే బూడిద రంగు. ఆ రోజు వచ్చి ఉన్న డాక్టరుకు చెబుదామనుకుంది. ఆయన అప్పటికే నార్మల్ అనేసి తర్వాతి బొమ్మకు పోయాడు.

"ఏముందమ్మా?" సక్రి అడిగింది.

"ఏం లేదక్కా. సాఫ్ ఉన్నదట. మిర్చి ఘాటుకే దగ్గు."

సక్రి ముఖం వెలిగింది. "ఇంకా ఎంత పరేషాన్ అయిననో," అంటూ గీతాంజలి చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లింది.

జూన్‌లో దేవ్యా ఒక్కడే వచ్చాడు. సక్రి రక్తం కక్కుతోంది, హన్మకొండలో పెద్ద దవాఖానలో ఉంది, పాత బొమ్మ తెమ్మన్నారు. గీతాంజలి దాన్ని సీడీలో ఎక్కించింది. అతని చేతికిచ్చి ఊరుకోలేక, సెలవు పెట్టి తనూ బస్సెక్కింది.

అక్కడి డాక్టరమ్మ సీడీ పెట్టి తెరిచింది. అదే బొమ్మ, ఫిబ్రవరిలో గీతాంజలి తీసినదే. కుడివైపు పైన, మెడ ఎముక కింద, కందిగింజంత మచ్చ. పక్కనే ఇంకో రెండు. వెతకాల్సిన పని కూడా లేదు.

"టీబీ. అప్పుడే ఉంది కదా. ఎవరు చూశారిది?" అందామె.

ఎక్స్‌రే బాగా వచ్చింది. మచ్చ అందులోనే ఉంది. నాలుగు నెలలు ఆ ఫైలు తన కంప్యూటర్‌లోనే ఉంది.

దేవ్యా బంధువులు సెంటర్ ముందు కూర్చున్నారు. కొండల్ రావు అందరినీ లోపలికి పిలిచాడు. డాక్టరు, బొమ్మ సరిగా తీయలేదన్నాడు. కంప్యూటర్‌లో లోపముందా అని కొండల్ రావు అడిగితే, దిలీప్ అదే పేజీ తెరిచి అదే వరుస చూపించాడు. ట్రూ కలర్.

"అక్టోబర్లనే చెప్పిన సార్ మీకు," అంది గీతాంజలి.

"కాగితం మీద రాసిచ్చినవా?"

"నోటితోటి చెప్పిన."

"నోటి మాటలు ఎన్నైనా చెప్పొచ్చు. కంప్యూటర్ మాత్రం బాగున్నదనే చెప్తున్నది."

మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఆ వారంలోనే మానిటర్‌కు కొత్త కేబుల్ వేయించారని తర్వాత తెలిసింది.

సక్రి వానాకాలం దాటలేదు. పన్నెండో రోజు ముగిశాక గీతాంజలి తండాకు వెళ్లింది. దేవ్యా మంచం వాల్చి కూర్చోమన్నాడు, నీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె అంతా చెప్పింది, కన్వర్టర్ గురించి, మెట్ల గురించి. అతను ఓపిగ్గా విన్నాడు.

"గా మిషన్ సక్కగ లేదని నీకు ముందే ఎరుకనా చెల్లె?"

"ఎరుకే అన్నా."

"ఎరుకై ఉండి, మా ఆమెకు ఏం లేదని చెప్పినవా?"

అతను తిట్టలేదు. లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరేసుకున్నాడు. గీతాంజలి నీళ్ల చెంబు మంచం కింద పెట్టి వచ్చేసింది.

ఇప్పుడామె జనగామలో వెంకట్రాం ఫ్లెక్సీల దుకాణంలో డిజైనింగ్ చేస్తోంది. ఒకసారి ఒక నాయకుడి కండువా రంగు తేడాగా అచ్చయి గొడవైందట. అప్పటి నుంచి వెంకట్రాం మంచి మానిటర్లు, మంచి కేబుళ్లు తెప్పించాడు. కొత్త డ్రైవర్ వేసిన ప్రతిసారీ కేబుల్‌లో ఎన్ని ఛాయలు పోతున్నాయో చూడమని ఆమెకే అప్పగించాడు. ఆమె రోజూ చూస్తుంది. దుకాణం తెరవగానే, ఎవరూ చెప్పకుండానే.